బత్తాయంత చందమామ

పోయిన వేసవి సెలవుల్లో మా చెల్లెలి పిల్లలు కడప నుంచి బెంగళూరు వచ్చినప్పుడు ఒక్కరోజులో అన్నీ చూపించేయాలని బయల్దేరాం. పొద్దున కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం, మధ్యాహ్నం గుండ్రటి హాల్లో కప్పు మీద ఆకాశాన్ని చూపించే నెహ్రూ ప్లానిటోరియం. సాయంత్రానికి పిల్లలకు కాళ్లు పీకాయి, అమ్మకు మోకాళ్లు వాచాయి. రాత్రి అన్నాల దగ్గర "ఏం చూశార్రా?" అని అడిగితే చిన్నవాడు డైనోసార్ అన్నాడు. పెద్దది కాసేపు ఆలోచించి "రాకెట్లు" అంది. ఏ రాకెట్టు, అది ఏం చేస్తుంది అంటే చెప్పలేకపోయింది. తప్పు పిల్లలది కాదు. ఎక్కడికి వెళ్తున్నామో తప్ప అక్కడ ఏం చూడాలో మేమే ఒక్క ముక్క చెప్పలేదు.

ఈసారి వాళ్లు వచ్చి నాలుగు రోజులైంది. మ్యూజియానికి ఆదివారం వెళ్తున్నాం. ఈలోపు రోజూ సాయంత్రం ఇంట్లోనే ఏదో ఒకటి చేస్తున్నాం. గాజు పెట్టెలో ఉన్న వస్తువు తనంతట తాను మాట్లాడదు. మన దగ్గర ఒక ప్రశ్న ఉంటేనే నోరు విప్పుతుంది. ఆ ప్రశ్నలు ఇంటి దగ్గరే పుట్టాలని నా ఆశ.

మొదటి సాయంత్రం గ్లోబు తీశాం. బజార్లో దొరికే మామూలు గ్లోబే, అడ్డంగా 30 సెంటీమీటర్లు. "వ్యోమగాములు ఉండే అంతరిక్ష కేంద్రం దీనికి ఎంత దూరంలో ఉంటుందో చూపించండి" అన్నాను. చిన్నవాడు కుర్చీ ఎక్కి ఫ్యాను వైపు చెయ్యి చాపాడు. పెద్దది కిటికీ దాకా వెళ్లింది. నేను చిటికెన వేలు గ్లోబుకు ఆనించి పెట్టాను. అంతే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన నేలకు దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. భూమి అడ్డుకొలత 12,742 కిలోమీటర్లు. ఆ లెక్కన మా గ్లోబు మీద దాని ఎత్తు సెంటీమీటరు కూడా లేదు. అమ్మ కూడా దగ్గరికొచ్చి వేలు పెట్టి చూసింది. "ఇంతేనా? ఎక్కడో ఉంటారనుకున్నానే" అంది.

తర్వాత టీవీ డిష్. బాల్కనీలోకి వెళ్లి మా డిష్, ఎదురింటి డిష్‌లు చూశాం. అన్నీ తూర్పుకీ దక్షిణానికీ మధ్య ఎటో చూస్తున్నాయి. బిగించిన రోజు నుంచి ఒక్క అంగుళం కదలలేదు. అవి చూసే ఉపగ్రహం మాత్రం సెకనుకు మూడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరుగెడుతూనే ఉంది. మరి డిష్ తల తిప్పనక్కర్లేదెందుకు? భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహానికి ఒక చుట్టు పూర్తి కావడానికి సరిగ్గా భూమి తన చుట్టూ తాను తిరిగేంత సమయమే పడుతుంది. మనతో సమానంగా తిరుగుతుంది కాబట్టి మనకు ఆకాశంలో మేకు కొట్టినట్టు కనిపిస్తుంది. గ్లోబు నుంచి టేపుతో కొలిస్తే ఆ ఎత్తు 84 సెంటీమీటర్లు వచ్చింది. అంటే టీవీలో కనిపించే ప్రతి బొమ్మా అంత దూరం పైకెళ్లి, అంత దూరం కిందికి దిగి మన హాల్లోకి వస్తోంది. వెలుతురంత వేగంతో వచ్చినా ఆ రాకపోకలకు దాదాపు పావు సెకను పడుతుంది.

చివరికి చందమామ. ఈ గ్లోబు పక్కన చందమామ ఎంతుంటుందో లెక్కేస్తే 8 సెంటీమీటర్లు, అంటే ఒక బత్తాయి. దాన్ని ఎక్కడ పెట్టాలి? హాలు చాల్లేదు. తలుపు తీసి బయట వరండాలోకి వెళ్లాల్సి వచ్చింది. తొమ్మిది మీటర్లు కొలిచేసరికి లిఫ్టు దగ్గరికి చేరాం. చిన్నవాడు బత్తాయి పట్టుకుని అక్కడ నిలబడ్డాడు, పెద్దది గ్లోబు పట్టుకుని గుమ్మంలో. పుస్తకాల్లో భూమినీ చందమామనీ ఒకే పేజీలో పక్కపక్కనే గీస్తారు. కాగితం చాలదు కాబట్టి వేరే దారి లేదు. కానీ ఆ బొమ్మే మన తలలో ఉండిపోతుంది. 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగడానికి నలభై రోజులు ఎందుకు పట్టిందో మాట్లాడుకోవాలంటే ముందు ఈ దూరం ఒంటికి తెలియాలి. నేరుగా దూసుకుపోయే పెద్ద రాకెట్టుంటే నాలుగు రోజుల్లో వెళ్లొచ్చు. మనవాళ్లు భూమి చుట్టూ ఒక్కో చుట్టునూ కొంచెం కొంచెం సాగదీస్తూ, తక్కువ ఇంధనంతో లిఫ్టు దాకా చేరారు.

రెండో సాయంత్రం సీసా ప్రయోగం. దీన్ని ఎవరైనా చేయొచ్చు. ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసాకు కింది భాగంలో పక్కగా మేకుతో చిల్లు పెట్టండి. వేలితో మూసి నీళ్లు నింపి, మూత పెట్టకుండా వేలు తీస్తే చిల్లులోంచి నీళ్లు సన్నటి ధారగా వస్తాయి. ఇప్పుడు సీసాను కాస్త ఎత్తు నుంచి వదిలేయండి. మేం మెట్ల మీద నుంచి కింద పెరట్లోకి వదిలాం. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. చిల్లు అలాగే ఉంది, నీళ్లూ ఉన్నాయి, కానీ చుక్క రాదు. పిల్లలు నమ్మక పదిసార్లు చేశారు. ఆ తర్వాత ఫోన్లో స్లో మోషన్‌లో తీసి చూశారు.

సీసా చేతిలో ఉన్నప్పుడు పై నీళ్ల బరువు కింది నీళ్లను నొక్కుతుంది కాబట్టి అవి చిల్లులోంచి బయటికి వస్తాయి. వదిలేశాక సీసా, నీళ్లు కలిసి ఒకే వేగంతో పడతాయి. ఎవరూ ఎవరినీ నొక్కరు. బరువు లేకపోవడమంటే ఇదే. అంతరిక్ష కేంద్రంలో జరిగేది కూడా అచ్చంగా ఇదే. అక్కడ గురుత్వాకర్షణ లేదని చాలామంది అనుకుంటారు, కొన్ని చోట్ల బళ్లో కూడా అలాగే చెప్తున్నారు. 400 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వాకర్షణ నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 89 శాతం ఉంటుంది. అంత ఎత్తు గోపురం కట్టి దాని మీద త్రాసు పెడితే ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి అక్కడ 53 కిలోలు తూగుతాడు, తేలడు. అంతరిక్ష కేంద్రంలో మనిషి తేలుతున్నాడంటే కారణం ఒక్కటే, కేంద్రమూ అతనూ కలిసి మా సీసాలాగే పడుతున్నారు. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు మించిన వేగంతో పక్కకు పోతూ పడుతున్నారు కాబట్టి వాళ్ల కింద నేల కూడా అంతే వంపు తిరుగుతూ పోతుంది. ఎప్పటికీ తగలదు. ఆ వేగంతో బెంగళూరు నుంచి తిరుపతికి అరనిమిషం.

"అయితే వాళ్లకి భయం వెయ్యదా పెద్దమ్మా, అట్లా పడుతూనే ఉంటే?" అని చిన్నవాడు అడిగాడు. దీన్ని నోటుపుస్తకంలో రాసుకోమన్నాను. వ్యోమగాముల గురించి ఏ ఫొటో కింద ఏం రాసి ఉందో వెతికి వాడే చదువుకుని వస్తాడు.

మూడో సాయంత్రం అమ్మది. తన పాత డబ్బాలోంచి రెండు రూపాయల నోటు తీసి పిల్లల చేతిలో పెట్టింది. వెనకవైపు పలకలు పలకలుగా ఉన్న ఒక గుండ్రటి వస్తువు. అమ్మ ఇన్నేళ్లూ అది ఏదో పెద్ద వజ్రం అనుకుంది. అది ఆర్యభట, మన మొదటి ఉపగ్రహం. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టు మీద పైకి వెళ్లింది. బరువు 360 కిలోలు, 26 పలకలు. వాటిలో దాదాపు అన్నిటి మీదా సూర్యరశ్మిని కరెంటుగా మార్చే సెల్స్ అతికించారు. గిరగిరా తిరుగుతున్నా ఏదో ఒక పలక మీద ఎండ పడాలి కదా, అందుకని ఆ ఆకారం.

దాన్ని తయారు చేసింది ఎక్కడో కాదు, ఈ ఊళ్లోనే. ఉడుపి రామచంద్రరావు నాయకత్వంలో చిన్న వయసు ఇంజినీర్లు పీణ్య పారిశ్రామికవాడలో షెడ్లలో కూర్చుని చేశారు. ఉపగ్రహం పంపే సమాచారం అందుకోవడానికి చోటు చాలక బెంగళూరులో ఒక టాయిలెట్‌నే కేంద్రంగా మార్చుకున్నారు. పైకి వెళ్లిన నాలుగైదు రోజులకే కరెంటు సరఫరాలో లోపం వచ్చి అందులోని శాస్త్ర ప్రయోగాలు ఆగిపోయాయి. ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాను. మొదటిసారి చేసినవాళ్లు ఏం నేర్చుకున్నారన్నది నాకు ముఖ్యం. ఉపగ్రహాన్ని కట్టడం, దాన్ని నేల మీద నుంచి నడపడం వాళ్లకు ఆ ఒక్కదానితో వచ్చేసింది. 1992 ఫిబ్రవరిలో అది గాలిపొరల్లోకి దిగి కాలిపోయింది. బొమ్మ మాత్రం అమ్మ డబ్బాలో ఉంది.

ఎడ్లబండి మీద ఉపగ్రహం ఉన్న ఫొటో కూడా మీరు ఫోన్లో చూసే ఉంటారు. అది 1981 నాటి ఆపిల్ అనే మన సమాచార ఉపగ్రహం. దాన్ని చూసి పాపం పేద దేశం, లారీ కూడా దొరకలేదు అని జాలిపడేవాళ్లున్నారు. అసలు సంగతి వేరు. దాని యాంటెన్నాను ఆరుబయట పరీక్షించాలి, చుట్టూ లోహం ఉంటే తరంగాలు తగిలి వెనక్కొచ్చి కొలతలు తప్పుతాయి. చెక్కబండి ఆ పనికి సరిగ్గా సరిపోయింది. ఈ ఫొటో గురించి ఎవరైనా జాలిగా మాట్లాడితే నాకు బాధేస్తుంది. అందులో ఉన్నది మంచి బుర్ర.

ఇక ఆదివారం సంగతి. విశ్వేశ్వరయ్య మ్యూజియంలో అంతస్తులు చాలా ఉన్నాయి, అన్నీ చూడం. అంతరిక్షం హాలు, దాంతో పాటు రైట్ సోదరుల విమానం, అంతే. అది అసలు కొలతలతో కట్టిన నమూనా. 1903 డిసెంబర్ 17న వాళ్ల మొదటి ప్రయాణం 12 సెకన్లు, 120 అడుగులు. నిన్న మా గేటు నుంచి అడుగులతో కొలిస్తే నీళ్ల ట్యాంకు దాకా కూడా రాలేదు. అక్కడి నుంచి 66 ఏళ్లలో మనిషి చందమామ మీద నడిచాడు.

పెద్దదానికి ఇచ్చిన ప్రశ్న బంగారు రేకు గురించి. ఉపగ్రహాల నమూనాలు, ఫొటోలు చూస్తే బంగారు రంగు రేకు చుట్టినట్టు ఉంటుంది, నిజంగా బంగారమేనా అని. చాలావాటిలో అది తేనె రంగు ప్లాస్టిక్ పొర. లోపలివైపు అల్యూమినియం పూత ఉంటుంది కాబట్టి ఆ రంగులోంచి మెరిసి బంగారంలా కనిపిస్తుంది. అలాంటి పల్చటి పొరలు ఎన్నో ఒకదాని మీద ఒకటి, మధ్యలో సన్నటి వలగుడ్డ. అంతరిక్షంలో గాలి లేదు. ఎండ పడ్డ వైపు నూరు డిగ్రీలు దాటుతుంది, నీడ వైపు సున్నాకు నూరు డిగ్రీలు కిందికి పోతుంది. గాలి లేనిచోట వేడి కిరణాల రూపంలోనే రావాలి, మెరిసే పొర ఆ కిరణాలను తిప్పికొడుతుంది. మన కాఫీ ఫ్లాస్కు లోపల అద్దంలా ఎందుకు మెరుస్తుందో అందుకే ఇదీ. దీనికి జవాబు నేను ముందే చెప్పలేదు. ఫ్లాస్కు మాత్రం బ్యాగులో పెడుతున్నాను.

వైట్‌ఫీల్డ్ వైపు నుంచి మేం పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి కబ్బన్ పార్కు స్టేషన్లో దిగుతాం. అక్కడి నుంచి నెమ్మదిగా నడవొచ్చు, అమ్మకు ఆటో. పదికల్లా లోపల ఉండాలి, రెండున్నర గంటల్లో బయటికి రావాలి, తర్వాత కబ్బన్ పార్కు చెట్ల కింద పులిహోర. ఐదేళ్ల పిల్లవాడి ఓపికా డెబ్బై ఏళ్ల మోకాలూ ఇంచుమించు ఒకే సమయానికి అలిసిపోతాయి. ప్లానిటోరియం ఆ రోజు వద్దు, ఇంకో రోజు. సోమవారం సెలవు, వేళలు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లడం మంచిది. అక్కడ ప్రదర్శనలు కన్నడంలో, ఇంగ్లీషులో ఉంటాయి. చీకట్లో చెవిలో తెలుగు చెప్తూ కూర్చుంటే పక్కవాళ్లకు ఇబ్బంది. అందుకని కథంతా అమ్మకు ముందే చెప్పాలనుకున్నాను.

చెప్పబోతే ఆమే నాకు చెప్పింది. వాళ్ల ఊళ్లో ఆరుబయట మంచం మీద పడుకుని పిల్లలకోడి ఎక్కడిదాకా ఎక్కిందో చూసి రాత్రి ఎంతైందో చెప్పేవాళ్లట. కృత్తికా నక్షత్రాలకు పల్లెల్లో ఉన్న పేరు అది. చిన్నవాడు ఇప్పుడే డాబా ఎక్కి చూద్దాం పదమన్నాడు. "ఇప్పుడు కనపడదు నాయనా, కృత్తిక కార్తె కదా" అంది అమ్మ. నేను ఆగిపోయాను. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్న రోజులు. మే నెల నడుమ సూర్యుడు కృత్తికల పక్కనే ఉంటాడు, అవి పగలే ఉదయించి పగలే అస్తమిస్తాయి. వచ్చేవారం రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. క్యాలెండర్లో రోజూ చూసే మాటలో ఇంత ఖగోళం ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

"మరి ఆ గుండ్రటి హాల్లో సూర్యుణ్ని పక్కకు తీసి పిల్లలకోడిని చూపిస్తారా?" అని అమ్మ అడిగింది. పెద్దది నోటుపుస్తకం తెరిచి, తన ప్రశ్నల కింద అమ్మమ్మ ప్రశ్న కూడా రాసుకుంది.