ప్యాకెట్ వెనకున్న 322 మన ఊపిరితిత్తుల్లో ఏం చేస్తోంది

చాక్లెట్ గానీ బిస్కెట్ గానీ ప్యాకెట్ వెనక్కి తిప్పితే ఎమల్సిఫైయర్ (నూనెనీ నీళ్ళనీ విడిపోకుండా కలిపి ఉంచేది) 322 అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది, అదేదో ఫ్యాక్టరీలో వండిన కెమికల్ అని భయపడేవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఆ 322 అంటే లెసిథిన్, మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొరలో ఉండేది ఇదే!

దీన్ని మొదట కోడిగుడ్డు పచ్చసొనలోంచి తీసింది గోబ్లే అనే ఫ్రెంచ్ ఫార్మసిస్ట్, 1840ల్లో. తర్వాత చేప గుడ్లలో, మెదడులో, రక్తంలో కూడా ఇదే దొరికిందాయనకి, దాని కూర్పు పూర్తిగా తేల్చేసరికి 1874 వచ్చింది. ఆ ఓపికకి దండం పెట్టాలి.

కూర్పు ఏంటంటే, నూనెలకి వెన్నెముకలాంటి చిన్న అణువు గ్లిసరాల్‌కి మూడు చోట్లు ఉంటాయి, మామూలు నూనెలో ఆ మూడింటికీ ఫ్యాటీ యాసిడ్లే తగులుకుని ఉంటాయి, లెసిథిన్‌లో మాత్రం రెండు చోట్లే ఫ్యాటీ యాసిడ్లు, మూడో చోట ఫాస్ఫేట్, దాని చివర కోలిన్. ఫాస్ఫేట్‌ది నెగటివ్ చార్జ్, కోలిన్‌ది పాజిటివ్, అందుకే ఆ కొస నీళ్ళ వైపు పోతుంది, ఫ్యాటీ యాసిడ్ తోకలు నూనె వైపు పోతాయి. నీళ్ళలో పడితే తోకల్ని లోపలికి దాచుకుని వాటంతటవే రెండు వరసలుగా సర్దుకుంటాయి, కణం పొర అంటే ముఖ్యంగా అదే. నాగుపాము విషంలోని ఒక ఎంజైమ్ ఈ రెండు తోకల్లో ఒకదాన్ని కోసేస్తుంది, అలా మిగిలిన ఒంటి తోక ముక్కలు ఎర్ర రక్తకణాల పొరనే చీల్చేస్తాయి.

కెమిస్ట్రీలో లెసిథిన్ అంటే ఫాస్ఫాటిడైల్‌కోలిన్ ఒక్కటే, మార్కెట్లో అమ్మేది మాత్రం దానితోపాటు దాన్ని పోలిన ఇతర పదార్థాలు, కాస్త నూనె కలిసిన మిశ్రమం. ఎక్కువగా సోయా నుంచే వస్తుంది, పొద్దుతిరుగుడు నుంచి కూడా తీస్తారు. ముడి నూనెలో కొంచెం వేడి నీళ్ళు కలిపితే లెసిథిన్ నీళ్ళు పీల్చుకుని ఉబ్బి జిగురుగా విడిపోతుంది, దాన్ని తిప్పి వేరుచేసి ఆరబెడతారు, మిల్లుల్లో డీగమ్మింగ్ అనేది దీన్నే. చాక్లెట్‌లో అర శాతం వేసినా చాలు, కరిగినప్పుడు పలచగా పారుతుంది, ఖరీదైన కోకో బటర్ తక్కువ పడుతుంది.

ఇక ఊపిరితిత్తులు. గాలి గదుల లోపల పల్చటి నీటి పొర ఉంటుంది, దాని తలతన్యత (నీటి పైపొర బిగుసుకుని ముడుచుకోవాలనే గుణం) వల్ల ఊపిరి వదిలినప్పుడల్లా ఆ గదులు ముడుచుకుపోవాలి, అలా కాకుండా ఆపేది ఆ తలతన్యతని తగ్గించే సర్ఫాక్టెంట్, అందులో ముఖ్యమైనది పామిటిక్ యాసిడ్ తోకలు రెండున్న లెసిథిన్. బిడ్డ కడుపులో ఉండగా ఇది చివరి వారాల్లోనే సరిపడా తయారవుతుంది, కాబట్టి బాగా నెలలు తక్కువగా పుట్టిన పిల్లలకి ఊపిరి అందదు. కారణం సర్ఫాక్టెంట్ లేకపోవడమేనని 1959లో అమెరికన్ పిల్లల డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ చూపించారు, 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌తో చేసిన మందుని పదిమంది పసిపిల్లల శ్వాసనాళంలో పోస్తే వాళ్ళ ఊపిరి మెరుగుపడింది. ఇప్పుడు ఎన్ఐసీయూల్లో (పసిపిల్లల ఐసీయూల్లో) నెలలు నిండని పిల్లలకి ఇస్తున్న సర్ఫాక్టెంట్ వైద్యం ఆ దారిలో వచ్చిందే.