ఆకాశరామన్న ఉత్తరం నుంచి మార్ఫింగ్ ఫొటో దాకా

ఆ మధ్య సత్యనారాయణపురంలో మా పక్కింటి పిన్నిగారు రాత్రి పదింటికి తలుపు కొట్టారు, చేతిలో వాళ్లమ్మాయి ఫోను. ఎవడో ఫేక్ ఐడీతో పిల్ల ఫొటోలు మార్ఫింగ్ చేసి క్లాస్ వాళ్లకి పంపుతున్నాడంట. కంప్లైంట్ ఇద్దాం పిన్నీ అంటే, అప్పటికే భయపడి చాట్ మొత్తం డిలీట్ చేసేశారు. "ఎవరన్నా చూస్తే పరువు పోద్దని తీసేశానమ్మా" అంటూ ఏడుస్తున్నారు.

ఈ భయం ఇవాళ్టిది కాదు. అమ్మమ్మల కాలంలో పెళ్లి కుదిరిన పిల్ల మీద నాలుగు ముక్కలు రాసి మగపెళ్లివాళ్లింటికి ఆకాశరామన్న ఉత్తరం పోస్టు చేసేవాళ్లు. పేరు దాచి బెదిరిస్తే శిక్ష అని 1860 నాటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్ 507లోనే ఉంది, కానీ ఆ ఉత్తరాన్ని స్టేషన్‌కి పట్టుకెళ్లేవాళ్లెవరు, పొయ్యిలో పడేసేవాళ్లు. తర్వాత ల్యాండ్‌లైన్‌కి బ్లాంక్ కాల్స్, ఆ తర్వాత నెట్ సెంటర్లు, ఆర్కుట్ అనే అప్పటి సోషల్ మీడియా సైట్‌లో ఫేక్ ప్రొఫైల్స్.

ఐటీ యాక్ట్ 2000 అక్టోబర్ 17న అమల్లోకొచ్చింది, కానీ అది ముఖ్యంగా ఆన్‌లైన్ వ్యాపారం, డిజిటల్ సంతకాల కోసం చేసిన చట్టం. వేధింపు కేసులకి పనికొచ్చేది సెక్షన్ 67, అశ్లీలం పెడితే నేరం. అంటే బొమ్మలో బూతు ఉందా లేదా అనే చూశారు గానీ ఆ బొమ్మలో ఉన్న పిల్ల ఏమైపోతుందో చూడలేదు, నా ఉద్దేశంలో అసలు లోటు అక్కడే ఉంది. 2008 సవరణలో సెక్షన్ 66ఏ పెట్టారు, చిరాకు తెప్పించే మెసేజ్‌కి కూడా కేసు పెట్టొచ్చు అన్నట్టు ఉండేది, 2012లో మహారాష్ట్రలో ఒక ఫేస్‌బుక్ పోస్ట్‌కి ఇద్దరమ్మాయిల్ని అరెస్ట్ చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ బెంచ్‌లో మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్ గారు ఒకరు. కొట్టేయడం కరెక్టే, కానీ దాని చోట వేధింపుని మాత్రమే పట్టుకునే సెక్షన్ రాలేదు. అందుకే క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక అబ్బాయిని నెలల తరబడి రంగు మీదా ఒళ్లు మీదా ఏడిపిస్తున్నా, సైబర్ బుల్లీయింగ్ అని నేరుగా పెట్టడానికి సెక్షన్ లేదు.

ఆడపిల్లల విషయంలో 2013 పెద్ద మార్పు. నిర్భయ తర్వాత ఐపీసీలో 354డీ వచ్చింది, వద్దని చెప్పినా పదేపదే వెంటపడటం, నెట్‌లో ఏం చేస్తుందో కనిపెట్టడం నేరమైంది, మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు. 2024 జులై 1 నుంచి ఐపీసీ చోట భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) వచ్చింది, అందులో అదే సెక్షన్ 78. అందుకే "వద్దు" అని ఒక్కసారైనా స్పష్టంగా మెసేజ్ పెట్టి అది దాచుకోవాలి.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబర్‌లో దిశ బిల్లు అసెంబ్లీలో పాసైంది, సోషల్ మీడియాలో వేధిస్తే మొదటిసారి రెండేళ్లు, మళ్లీ చేస్తే నాలుగేళ్లు అని అందులో ఉంది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. ఫోన్‌లో పోలీసుల దిశ యాప్ ఉండేసరికి చట్టం కూడా ఉందనుకున్నవాళ్లు మా వీధిలోనే బోలెడంతమంది.

పిన్నిగారమ్మాయికి పనికొచ్చింది మాత్రం 2021 ఫిబ్రవరి ఐటీ రూల్స్. నగ్న ఫొటోలు, మార్ఫింగ్‌వి అయినా సరే, బాధితురాలు కంప్లైంట్ ఇస్తే సోషల్ మీడియా కంపెనీ 24 గంటల్లో తీసేయాలని అప్పట్లో వాటిలో పెట్టారు. అదృష్టం కొద్దీ ఒక ఫ్రెండ్ ఫోన్‌లో ఆ మెసేజ్‌లు అలాగే ఉన్నాయి, ప్రొఫైల్ లింకు, టైముతో సహా స్క్రీన్‌షాట్లు తీసి ఆ రాత్రే యాప్‌లో రిపోర్ట్ కొట్టి, కేంద్ర హోంశాఖ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కూడా పెట్టాం. మర్నాడు సాయంత్రానికి ఫొటోలు పోయాయి. వాడెవడో ఇంకా తేలలేదు, పిల్ల మాత్రం కాలేజీకి వెళ్తోంది.