షాప్‌ఫ్లోర్‌లో వారానికో గంట: క్వాలిటీ సర్కిల్ నేపథ్యం

కార్మికుడి మాట యాజమాన్యం చెవిన పడాలన్న ప్రయత్నం మన దేశంలో మొదట చట్టంగా వచ్చింది. వంద మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఇరుపక్షాల ప్రతినిధులతో వర్క్స్ కమిటీ వేయించే అధికారం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 43ఏ అధికరణం యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యాన్ని ఆదేశిక సూత్రం చేసింది. అయితే కమిటీలో కూర్చునేది ప్రతినిధులే. రోజంతా మెషిన్ దగ్గర నిలబడే మనిషి తన పని గురించి మాట్లాడే చోటు మాత్రం ఏర్పడలేదు.

ఆ చోటు క్వాలిటీ సర్కిల్ పేరుతో జపాన్‌లో 1962లో ఏర్పడింది. అంతకుముందు అమెరికా నిపుణులు డెమింగ్, జురాన్ చెప్పిన నాణ్యత పాఠాలు ఎక్కువగా ఇంజినీర్లకు, అధికారులకే చేరాయి. జపాన్ నాణ్యతా నిపుణుడు కవోరు ఇషికావా చొరవతో ఫోర్‌మన్ల కోసం ఒక పత్రిక మొదలైంది. దాన్ని తమ కార్మికులతో కలిసి చదువుకుంటూ, నేర్చుకున్నది పనిలో పెట్టే చిన్న బృందాలే క్వాలిటీ సర్కిళ్లు.

మన దేశానికి ఈ పద్ధతి హైదరాబాద్ శివార్లలోని రామచంద్రాపురంలో ఉన్న ప్రభుత్వ రంగ భారీ యంత్రాల సంస్థ బీహెచ్ఈఎల్ ద్వారా వచ్చింది. అక్కడ జనరల్ మేనేజర్‌గా ఉన్న ఎస్.ఆర్. ఉడుప 1980 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టారు. 1982లో ఆయన చొరవతోనే సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది.

సర్కిల్ అంటే ఒకే సెక్షన్‌లో పనిచేసే ఆరు నుంచి పన్నెండు మంది. చేరడం స్వచ్ఛందం. వారానికో గంట కూర్చుంటారు. ముందు సమస్యలన్నీ రాసి మూడుగా విడదీస్తారు: తామే తీర్చుకోగలిగేవి ‘ఏ’, పక్క విభాగం సాయం కావలసినవి ‘బి’, యాజమాన్యం నిర్ణయం తీసుకోవలసినవి ‘సి’. మొదట పట్టుకోవలసింది ‘ఏ’నే. తర్వాత లెక్కలు సేకరించి, పరేటో చార్టుతో (నష్టాలను పెద్దది మొదలు వరుసగా చూపే పటం) ఎక్కువ నష్టం ఎక్కడో చూసి, చేపముల్లు ఆకారంలో గీసే చిత్రంలో కారణాలు పరచి, అసలు కారణాన్ని పరీక్షించి తేల్చి, పరిష్కారాన్ని కొద్దికాలం ప్రయోగాత్మకంగా నడిపి, అప్పుడు స్థిరపరుస్తారు. జీతాలు, బదిలీలు ఇక్కడ చర్చకు రావు. ఈ గీత మొదటి రోజే చెప్పకపోతే యూనియన్ అనుమానించడం సహజం.

నాయకత్వం తయారయ్యేదీ ఈ గంటలోనే. లీడర్‌ను సభ్యులే ఎన్నుకుంటారు. మాట్లాడని వాడిచేత మాట్లాడించడం, వాదన ముదిరినప్పుడు లెక్కల దగ్గరికి తీసుకురావడం, చివరికి అధికారుల ముందు నిలబడి వివరించడం అతని పని. ఇవి తరగతి గదిలో అబ్బే విద్యలు కావు. యాజమాన్యం తరఫున ఉండే ఫెసిలిటేటర్ దారి చూపాలే గాని జవాబు అందించకూడదు.

చెడేది ఎక్కడంటే, ‘ఇన్ని సర్కిళ్లు పెట్టాలి’ అని టార్గెట్ వచ్చినప్పుడు. స్వచ్ఛందం హాజరుపట్టీ అవుతుంది. పోటీల్లో బహుమతి కోసం ముందే తీరిన సమస్యకు చార్టులు గీయడం మొదలవుతుంది. ఇంకో పెద్ద దెబ్బ, పైకి పంపిన సూచనకు జవాబు రాకపోవడం. కుదరదని కారణంతో చెప్పినా మనుషులు నిలబడతారు. మౌనంతో మాత్రం తర్వాతి సమావేశానికి రావడం మానేస్తారు. సూపర్‌వైజర్‌ను పక్కన పెట్టినా అంతే, ప్రయోగానికి మెషిన్ ఖాళీ దొరకదు.

ఇవాళ చాలా ఫ్యాక్టరీల్లో మెషిన్ల దగ్గర కాంట్రాక్టు కార్మికులే ఎక్కువ. సర్కిల్ పర్మినెంట్ వాళ్లకే పరిమితమైతే, లోపం ఎక్కడ పుడుతోందో తెలిసిన మనిషి బయటే ఉండిపోతాడు. వాళ్లను తప్పక చేర్చుకోవాలి. ఆ గంట కూలి కంపెనీ ఇస్తుందా, కాంట్రాక్టర్ ఇస్తాడా అన్నది మొదటి సమావేశానికి ముందే కాగితం మీద తేలాలి.