గులాబీ రంగుంటే పచ్చి మాంసమేనా? లింకన్‌షైర్ చైన్ గురించి అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో మాంసం కొట్టు కౌంటర్ దగ్గర పని నాది. మనవాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోటో ఒకటుంది. పళ్లెంలో గులాబీ రంగు ముక్క, అందులో పచ్చటి చారలు, కింద "అన్నా, ఇది ఉడికిందా? పిల్లలు తినేశారు" అని మెసేజ్. అది స్టఫ్డ్ చైన్. మెడలో వేసుకునే చైన్ కాదు లెండి. పంది మెడ వెనక, రెండు జబ్బల మధ్య నుంచి వెన్నెముకతో సహా కోసే భాగాన్ని ఇక్కడివాళ్లు అలా అంటారు. దాన్ని ఉప్పులో ఊరబెట్టి, ఎముక దాకా గాట్లు పెట్టి, తరిగిన పార్స్లీ ఆకు కూరి, గుడ్డలో బిగించి కట్టి, గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికిస్తారు.

అపోహ: గులాబీ రంగు పోలేదంటే ఉడకనట్టే.

వాస్తవం: మామూలు పోర్క్ ఉడికితే పాలిపోతుంది. ఊరబెట్టినది అలా కాదు. పూర్వం ఆ ఉప్పులో పెట్లుప్పు కలిపేవారు, ఇప్పుడు నైట్రైట్ కలుపుతారు. అది మాంసానికి ఎర్రరంగునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో కలిసి ఇచ్చే గులాబీ రంగు ఉడికించినా పోదు. హామ్ (ఊరబెట్టి వండిన పంది తొడ మాంసం) రంగుకీ కారణం ఇదే. కాబట్టి ఉడికించిన స్టఫ్డ్ చైన్ అయితే ఆ పిల్లలకేమీ కాదు, టెన్షన్ పడకండి.

అయితే ఈ మాట విన్నవాళ్లు వెంటనే రెండో గోతిలో పడుతున్నారు. "గులాబీ రంగు ఉంటే ఊరినట్టు, ఊరింది కాబట్టి తినేయొచ్చు" అని ఎవరో వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఎవరో గానీ, దయచేసి ఆపండి! గామన్ అనే పంది తొడ మాంసం ఊరినదే, కానీ పచ్చిది. సూపర్‌మార్కెట్‌లో హామ్‌కి దగ్గర్లోనే, అలాంటి ప్యాకెట్‌లోనే ఉంటుంది. కూరకుండా, ఉడికించకుండా అమ్మే చైన్ కూడా పచ్చిదే. రంగు చూసి ఏదీ తేల్చలేం. లేబుల్ మీద తినడానికి సిద్ధం అని ఉందా, వండాలి అని ఉందా చూడండి. విడిగా కొంటే కౌంటర్‌లో అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంట్లో వండుతుంటే ముక్క మధ్యలో థర్మామీటర్ గుచ్చండి. అక్కడ 70 డిగ్రీల సెల్సియస్ వేడి 2 నిమిషాలు నిలవాలి.

మొన్న ఓ తమ్ముడు పచ్చి చైన్ కొన్నాడు. ఇంటి మీద బెంగతో ఇగురు చేసుకుందామని. అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా, వాటితో పాటు అలవాటుగా రెండు చెంచాల ఉప్పు. అసలే ఉప్పులో ఊరిన ముక్క! నోట్లో పెట్టలేక గిన్నె మొత్తం పారబోశాడు, పాపం. ముందురోజు రాత్రే చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, కూరలో ఉప్పు చివర్లో రుచి చూశాకే వేయాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వేరే ఊళ్లలో చైన్ అడిగితే ఉత్త వెన్నెముక చేతిలో పెట్టొచ్చు, పులుసుకు బాగుంటుంది. ఇక్కడ స్పేర్ రిబ్ చాప్స్ అంటే పక్కటెముకలు కావు, మెడ దగ్గరి మాంసం. హ్యాండ్ అంటే ముందుకాలి పైభాగం, గిట్టలు కావు. పాత వంటల పుస్తకంలో గ్రిస్కిన్ అని కనిపిస్తే అది నడుం దగ్గరి కొవ్వులేని మాంసం, అంతే. పోర్క్ తింటే మెదడులోకి పురుగులు వస్తాయన్నది సగం నిజమే. సరిగ్గా ఉడకని మాంసంతో బద్దెపురుగు పేగుల్లో చేరుతుంది. మెదడుకు చేరే తిత్తులు మాత్రం, ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్లు చేతులు, నీళ్లు, కూరగాయల ద్వారా మన నోట్లోకి వెళ్తే వచ్చేవి.

స్టఫ్డ్ చైన్‌ని మళ్లీ వేడి చేయాల్సిన పని లేదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని, పల్చగా కోసి, వెనిగర్ చల్లుకుని తినడం ఇక్కడి పద్ధతి. మా ఇంట్లో మాత్రం పక్కన పచ్చి ఉల్లిపాయ ఉండాల్సిందే.