యార్క్ చూడబోయే ముందు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరాన్ని తెలుగు కుటుంబాలకు తిప్పి చూపించడం నా పని. ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలే ఎక్కువ. లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే సుమారు రెండు గంటలు. ప్రశ్నలు రైల్లోనే మొదలవుతాయి.

అపోహ: హ్యారీ పాటర్ సినిమా షాంబుల్స్ వీధిలోనే తీశారు.

ఒక్క సీన్ కూడా తీయలేదు. అక్కడి మంత్రదండాల షాపులు ఆ క్రేజ్ చూసి వెలిసినవే. సినిమాలో కనిపించిన కెథెడ్రల్ కావాలంటే ఇంకా ఉత్తరాన డరమ్‌కి వెళ్లాలి. షాంబుల్స్ అసలు మాంసం కొట్ల వీధి. మాంసం పరిచిన చెక్క బల్లలు, వేలాడదీసిన కొక్కేలు కొన్ని చోట్ల ఇంకా ఉన్నాయి. పొద్దున్నే వెళ్తేనే అవి కనిపిస్తాయి, తర్వాత సెల్ఫీ కర్రలే.

అపోహ: మెదక్ చర్చి చూశాం కదా, ఇక్కడి కెథెడ్రల్ యార్క్ మిన్‌స్టర్ కూడా అలాంటిదే, కాస్త పెద్దది.

మెదక్ చర్చిని 1914లో మొదలుపెట్టి పదేళ్లలో, ఒకే ప్లాన్‌తో పూర్తి చేశారు. మిన్‌స్టర్‌ని 1220ల్లో మొదలుపెడితే 1472లో గానీ ప్రతిష్ఠ జరగలేదు. ఈలోగా ఎన్నో తరాలు గడిచాయి, కట్టే పద్ధతులూ మారాయి. ఉత్తరం వైపు రెక్కలో ‘ఫైవ్ సిస్టర్స్’ కిటికీలున్నాయి. 1260 ప్రాంతపువి, ఒక్కొక్కటి సుమారు 16 మీటర్ల ఎత్తు, సన్నగా, బూడిద రంగు అద్దాలతో ఉంటాయి. బొమ్మలు లేవని చాలామంది దాటిపోతారు. నేను మాత్రం పట్టుబట్టి నిలబెడతాను. అక్కడి నుంచి తూర్పు చివరికి నడిస్తే గోడ స్థానంలో అద్దమే ఉంటుంది. జాన్ థార్న్‌టన్ అనే పనివాడు 1405 నుంచి 1408 వరకు చేసిన ఆ కిటికీ దాదాపు టెన్నిస్ కోర్టంత. సృష్టి మొదలు నుంచి ప్రళయం దాకా బైబిల్ కథ అందులో గడులు గడులుగా ఉంది. కింద నుంచి ముఖాలు ఆనవు. చిన్న బైనాక్యులర్ తెచ్చుకోండి, లేదా ఫోన్ కెమెరా జూమ్ చేసుకోండి.

అపోహ: పైకప్పు అంతా రాయే.

తలెత్తి చూస్తే ఎవరైనా అదే అంటారు. కానీ ప్రధాన హాలు వెడల్పు మరీ ఎక్కువ కావడంతో దాని కమాను కప్పును చెక్కతో కట్టి, రాయిలా కనిపించేలా చేశారు. అందుకే ఈ కట్టడానికి నిప్పంటే భయం. 1829లో జొనాథన్ మార్టిన్ అనే అతను సాయంత్రం ప్రార్థన అయ్యాక లోపలే దాక్కుని నిప్పు పెట్టాడు. 1840లో మళ్లీ కాలింది. 1984 జులై 9 తెల్లవారుజామున దక్షిణ రెక్క కప్పు తగలబడింది.

ఈ మూడోదాని చుట్టూ ఇంకో అపోహ. దానికి మూడు రోజుల ముందే, క్రైస్తవ నమ్మకాలపై వివాదాస్పదంగా మాట్లాడిన డేవిడ్ జెన్కిన్స్‌ని డరమ్ బిషప్‌గా అక్కడే అభిషేకించారు. ఇంకేముంది, దేవుడి కోపమే అన్నారు. దర్యాప్తు మాత్రం పిడుగు పడి ఉండొచ్చని తేల్చింది. పిడుగు ఎవరు వేశారని ఒక పెద్దాయన నన్ను అడిగారు, అది నా పరిధిలో లేదండీ అన్నాను. ఆ మంటకు గులాబీ కిటికీ అద్దాలు పగుళ్లిచ్చాయి గానీ రాలిపోలేదు. కొత్త కప్పులో పిల్లల టీవీ పోటీలో గెలిచిన బొమ్మలున్నాయి. చంద్రుడి మీద మనిషి కూడా ఉన్నాడు, వెతకండి.

అపోహ: క్లిఫర్డ్స్ టవర్ మంచి ఫొటో పాయింట్, అంతే.

1190 మార్చిలో, అక్కడ చెక్క కోట ఉన్న రోజుల్లో, అల్లరి మూకలకు భయపడి నగరంలోని యూదులు అందులో తలదాచుకున్నారు. సుమారు 150 మంది చనిపోయారు. చాలామంది మూక చేతికి చిక్కడం ఇష్టంలేక తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ఇప్పుడున్న రాతి బురుజు తర్వాతి శతాబ్దంలో కట్టింది. మెట్లెక్కే ముందే ఈ సంగతి చెబుతాను.

అపోహ: యార్క్‌లో అడుగడుగునా టికెట్టే.

మిన్‌స్టర్‌కి టికెట్ ఉంది, ఆ డబ్బు పెట్టొచ్చు. చెప్పులు విప్పక్కర్లేదు. గోపురం ఎక్కాలంటే వేరే టికెట్, 275 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోండి. సాయంత్రం బృందగానంతో జరిగే ప్రార్థనకు మాత్రం ఎవరైనా ఉచితంగా వెళ్లొచ్చు. నన్నడిగితే ఆ రాతిగోడల మధ్య పాట వినడానికే యార్క్ రావాలి. కోటగోడ మీద నడక కూడా ఉచితమే. మొత్తం 3 కిలోమీటర్ల పైమాటే. ఓపిక లేకపోతే బూథమ్ బార్ నుంచి మంక్ బార్ దాకా చాలు (ఇక్కడ బార్ అంటే కోట ద్వారం). రైల్వే మ్యూజియం కూడా ఉచితమే. 1938లో గంటకు 203 కిలోమీటర్ల వేగంతో రికార్డు కొట్టిన మాలర్డ్ ఆవిరి ఇంజిన్ అక్కడే ఉంటుంది. నాన్నగార్లను బయటికి తీసుకురావడం కష్టం.

అపోహ: యార్క్‌లో ఆదివారం తప్ప మిగతా రోజుల్లో స్కాట్లండ్ వాళ్లను విల్లంబులతో కొట్టొచ్చని పాత చట్టం ఉంది.

ఇక్కడి చట్టాలను సమీక్షించే లా కమిషన్ 2013లో దీన్నీ పరిశీలించి, ఏ రోజైనా అది నేరమేనని చెప్పింది. గ్లాస్గోలో చదువుతున్న మీ అబ్బాయి నిశ్చింతగా రావొచ్చు.