ఆచే పల్లెల చేతిలోంచి అడవి ఎప్పుడు జారిపోయింది?

2025 నవంబరు చివరి వారంలో మలక్కా జలసంధిలో పుట్టిన సెన్యార్ తుపాను ఇండోనేసియాలోని సుమత్రా ద్వీపాన్ని ముంచెత్తినప్పుడు, ఆచే ప్రావిన్సులోని వరి పొలాల మీదికి నీళ్లతోపాటు బురద, బురదతోపాటు పెద్ద పెద్ద దుంగలు కొట్టుకొచ్చాయి. ఆచే, ఉత్తర సుమత్రా, పశ్చిమ సుమత్రా ప్రావిన్సులు మూడింటిలో కలిపి వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. దీన్ని జాతీయ విపత్తుగా ప్రకటించాలన్న డిమాండు సాగుతుండగానే ఒక పాత తగాదా మళ్లీ పైకి లేచింది. ఆ దుంగలు ఎవరి అడవిలోవి, అక్కడ చెట్లు కొట్టడానికి అనుమతి ఇచ్చింది ఎవరు, వద్దని అడ్డుపడే హక్కు కొండ దిగువ పల్లెకు ఉందా లేదా అన్నదే ఆ తగాదా. ఇదే కాలంలో 2006 నాటి ఆచే పాలనా చట్టాన్ని సవరించాలన్న చర్చ కూడా జకార్తాలో నడుస్తోంది. ఆ చట్టం కింద 2008 నుంచి ఆచేకు అందుతున్న ప్రత్యేక నిధి, అంటే దేశం మొత్తానికి కేటాయించే సాధారణ నిధిలో మొదటి పదిహేనేళ్లు 2 శాతం, తర్వాతి ఐదేళ్లు 1 శాతం చొప్పున ఇచ్చే వాటా, 2027తో ముగిసిపోతుంది.

ఆచే పేరు చెప్పగానే గుర్తుకొచ్చే ఘట్టాలు కొన్ని ఉన్నాయి. 1873లో డచ్చివారితో మొదలైన సుదీర్ఘ యుద్ధం, 1976లో పుట్టిన స్వేచ్ఛా ఆచే ఉద్యమం, 2004 డిసెంబరు 26 నాటి సునామీ, ఆ మరుసటి ఏడాది హెల్సింకిలో కుదిరిన శాంతి ఒప్పందం గురించి ఇప్పటికే ఎంతో రాశారు. కానీ ఇవాళ్టి తగాదాకు అసలు ముడి పడింది వీటిలో దేని దగ్గరా కాదు. తుపాకీ చప్పుడు లేకుండా, పెద్ద వార్త కాకుండా 1979లో అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం తెచ్చిన గ్రామ పాలనా చట్టం దగ్గర ఆ ముడి పడింది. దేశవ్యాప్తంగా వేల గ్రామాలకు ఒకే అచ్చు పోసిన ఆ అయిదో నంబరు చట్టం ఆచే పల్లె నుంచి ఏం తీసేసిందో తెలియాలంటే, అంతకు ముందు అక్కడ ఏముండేదో చూడాలి.

ఆచేలో పల్లెను గాంపోంగ్ అంటారు. దాని పెద్ద కెచిక్. ఆయన పక్కన తుహా పెత్ అనే పెద్దల సభ, మెనాసా అనే ప్రార్థనా మందిరం, దాని ఇమాం ఉంటారు. మెనాసాలో నమాజు ఒక్కటే జరగదు. ఊరి పంచాయితీలు తీరేదీ, మగపిల్లలు రాత్రిపూట ఖురాను చదువుకొని పడుకునేదీ అక్కడే. ఇలాంటి కొన్ని గాంపోంగ్‌లు కలిస్తే ఒక ముకిమ్ అవుతుంది, దాని పెద్ద ఇముమ్ ముకిమ్. వరి మడులు, ఇళ్ల స్థలాలు, తోటలు గాంపోంగ్ పరిధిలోవి కాగా, అడవి, వాగు, పశువులు మేసే బీడు ఏ ఒక్క ఊరివీ కాకుండా ముకిమ్ మొత్తానికి చెందేవి. తేనె తీసినా, కలప కొట్టినా, అడవి సరుకు ఏది బయటికి పోయినా అందులో ముకిమ్‌కు ఒక వాటా కట్టేవారు. అడవి వ్యవహారాలు పవాంగ్ గ్లే, కొత్తగా నరికి వేసిన తోటల వ్యవహారాలు పెతువా సెనెబోక్ చూసేవారు. ఊటల దగ్గర, వాగుల ఒడ్డున చెట్టు కొట్టకూడదన్న కట్టుబాటును నిలబెట్టింది ఈ పెద్దలే.

వీళ్లందరిలో రైతుకు దగ్గరివాడు కెజ్రున్ బ్లాంగ్. మన తెలంగాణ చెరువుల కింద నీరటికాడు చేసిన పనే ఆయన అక్కడ చేస్తాడు, కాకపోతే ఆయన అధికారం కాస్త పెద్దది. కాలవ పూడిక ఏ రోజు తీయాలో, నీళ్లు ముందు ఏ మడికి వదలాలో, నారు ఎప్పుడు పోయాలో ఆయన చెబుతాడు. చంద్రుడు వృశ్చిక రాశి నక్షత్రాలను కలిసే తిథిని లెక్కగట్టే పాత పంచాంగం ఒకటి ఆచే రైతులకు ఉంది, సాగు రోజులు నిర్ణయించడానికి అదే ఆధారంగా ఉండేది. అందరూ ఒకేసారి నాట్లు వేస్తే ఎలుకలు, పురుగులు ఒక్క పొలం మీదే పడవు, నీళ్ల కోసం కొట్లాటా ఉండదు. నాట్లకు ముందు ఖందురి బ్లాంగ్ జరుగుతుంది. ప్రతి ఇంటి నుంచి బియ్యమో కొబ్బరికాయలో డబ్బో తెస్తారు, మేకనో గేదెనో కోస్తారు, మగవాళ్లు పెద్ద గుండిగల్లో కూర వండుతారు, దుఆ అయ్యాక అందరూ పొలం గట్టునే కూర్చుని తింటారు. ఆ కూటమిలోనే ఆ ఏడాది సాగు నియమాలను మరోసారి అందరికీ వినిపిస్తారు. గండి కొట్టి పక్కవాడి నీళ్లు మళ్లించుకున్నవాడికి జరిమానా ఉంటుంది. కోత అయ్యాక కెజ్రున్‌కు ముట్టేది కళ్లం దగ్గర కొలిచిచ్చే ధాన్యమే, మన ఊళ్లలో మేర ఇచ్చినట్టు. ఆయనకు జీతం ఇచ్చేది రైతులు కాబట్టి ఆయన జవాబు చెప్పుకోవలసిందీ రైతులకే.

పాత వ్యవస్థలో లోపాలు లేకపోలేదు. ముకిమ్‌ల మీద పెత్తనం చేసిన ఉలేబలాంగ్ అనే దొరలు డచ్చివారి అండతో రైతును పిండుకున్నారు. 1945–46లో ఆచేలో రక్తం చిందడానికి అది ఒక ప్రధాన కారణం. పెద్దల సభల్లో కూర్చునేది మగవాళ్లే. అయితే దొరలు పోయాక కూడా ముకిమ్ మిగిలింది. కొండ మీది చెట్టుకూ కొండ కింది మడికీ ఉన్న సంబంధాన్ని కనిపెట్టుకుని ఉండే ఒక సంస్థగా అది ఇంకో ముప్పై ఏళ్లకు పైగా నిలిచింది.

1979 చట్టం గాంపోంగ్‌ను జావా ద్వీపం నమూనాలో ‘దేసా’ అనే గ్రామంగా మార్చేసింది. కెచిక్ పైనున్న అధికారి ఇముమ్ ముకిమ్ కాకుండా, కెచామాతాన్ అనే ఉపజిల్లాను చూసే చామాత్ అయ్యాడు. గ్రామ సభకూ గ్రామాభివృద్ధి సంఘానికీ గ్రామ పెద్దే అధ్యక్షుడు కావడంతో, అతన్ని నిలదీయగల తుహా పెత్‌కు చట్టంలో చోటే లేకుండా పోయింది. ముకిమ్ అన్న మెట్టు పూర్తిగా మాయమైంది. అయినా ఆ పెద్దలు ఊళ్లలోనే ఉన్నారు, పెళ్లిళ్లకూ చావులకూ పిలుపులు అందుకున్నారు, తగవులు తీర్చారు. కానీ ఏ కాగితం మీదా వారి సంతకానికి విలువ లేదు. ముకిమ్ లేకపోతే ముకిమ్ అడవికి సొంతదారు ఎవరూ ఉండరు. ఏ ఊరి హద్దులోనూ లేని ఆ నేల అప్పటికే 1967 అటవీ చట్టం ప్రకారం ప్రభుత్వ అడవి. ఇప్పుడు దాన్ని తమదని చెప్పుకునే నోరు కూడా లేకుండా పోయింది.

ప్రభుత్వ వాదన కూడా చెప్పుకోవాలి. వేల రకాల గ్రామ వ్యవస్థలున్న దేశంలో బడి, ఆరోగ్య కేంద్రం, రోడ్డు అన్ని ఊళ్లకూ సమానంగా చేరాలంటే పాలన ఒకే తీరుగా ఉండాలని జకార్తా భావించింది. డెబ్బైలలో చమురు ఆదాయంతో కట్టిన ప్రాథమిక పాఠశాలలు మారుమూల ఆచే పల్లెలకూ చేరిన మాట నిజం.

కానీ అదే దశాబ్దాలలో కొండలకూ చిత్తడి నేలలకూ చేరినవి కలప లీజులు, ఆయిల్ పామ్ లీజులు. ఆయిల్ పామ్ ఆచేకు కొత్త పంట కాదు. ఇండోనేసియాలో వాణిజ్యపరంగా తొలి తోటలు వేసిన చోట్లలో ఇవాళ ఆచే తమియాంగ్ జిల్లాలో ఉన్న సుంగై లిపుత్ ఒకటి, అది 1911 నాటి మాట. కొత్తదల్లా తోటల విస్తీర్ణమూ, అడ్డు చెప్పేవాడు లేకపోవడమూ. 1960 భూమి చట్టం కింద కంపెనీకి సాగు హక్కును 35 ఏళ్ల దాకా ఇవ్వవచ్చు, ఆపైన ఇంకో 25 ఏళ్లు పొడిగించవచ్చు. అంటే ఒక రైతు పుట్టి ముసలివాడయ్యేదాకా ఆ నేల ఊరికి తిరిగి రాదు.

పశ్చిమ తీరంలో నగన్ రాయా వైపున్న త్రిపా చిత్తడి నేలను చూస్తే ఈ కథ ఎటు పోయిందో తెలుస్తుంది. సుమారు 60 వేల హెక్టార్ల ఆ పీటు అడవిలో, అంటే సగం కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన తడి నేల మీది అడవిలో, చేపలు పట్టుకొని, తేనె తీసుకొని బతికిన పల్లెల చుట్టూ నీటిని బయటికి తీసే కాలవలు తవ్వి, నేలను ఆరబెట్టి తోటలు వేశారు. 2011లో కలిస్తా ఆలం అనే కంపెనీకి ఇచ్చిన అనుమతిని కోర్టు ఆదేశం తర్వాత 2012లో రద్దు చేశారు. నిప్పుపెట్టి అడవిని తగలబెట్టినందుకు 2014 జనవరిలో మెలాబో కోర్టు ఆ కంపెనీ నష్టపరిహారంగా, పునరుద్ధరణ ఖర్చుగా 366 బిలియన్ రుపియాలు కట్టాలని తీర్పిచ్చింది, సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఇండోనేసియా పర్యావరణ చరిత్రలో ఇది పెద్ద విజయం. అయితే ఈ కేసు వేసింది జకార్తాలోని మంత్రిత్వ శాఖ. ఆ చిత్తడి తన పరిధిలోదని కోర్టు గుమ్మం ఎక్కగల హోదా ఏ ముకిమ్‌కూ లేదు.

యుద్ధాన్ని కూడా ఈ కోణం నుంచి చూస్తే కొన్ని సంగతులు స్పష్టమవుతాయి. 1971లో ఉత్తర ఆచేలోని అరున్‌లో గ్యాసు దొరికాక, సంపద పుట్టిన నేల మీద పల్లెలు పేదరికంలోనే మిగిలాయన్న కోపం తిరుగుబాటుకు ఊపిరి పోసింది. 1989 నుంచి 1998 దాకా సాగిన సైనిక చర్యల కాలంలో పల్లె పెద్ద రెండు తుపాకుల మధ్య నిలబడ్డాడు. సైన్యం మగవాళ్లను రాత్రి కాపలాకు పంపమనేది, తిరుగుబాటుదారులు అన్నం పెట్టమనేవారు. కొండ వైపు పొలాలు, తోటలు బీడు పడ్డాయి. ముకిమ్ స్థాయిలో పది ఊళ్లు కలిసి ఒక మాట మీద నిలబడే వేదిక అప్పటికే లేకపోవడం ఆ పల్లెలను ఒంటరివి చేసింది. ఊళ్లను ఏలే చట్టం ఊరి పెద్దను ప్రభుత్వ మనిషిని చేసినందువల్లే తిరుగుబాటుదారులు అతన్ని అనుమానించారు, సైన్యం అతన్ని వాడుకుంది.

2005 హెల్సింకి ఒప్పందంలో మాజీ సాయుధులకు, విడుదలైన రాజకీయ ఖైదీలకు, నష్టపోయిన పౌరులకు సాగు భూమో, ఉపాధో, పని చేయలేని స్థితిలో ఉంటే సామాజిక భద్రతో ఇస్తామని రాసుకున్నారు. సాగు భూమి ఎక్కడినుంచి తేవాలి? లీజుకు పోయిన నేల లీజులోనే ఉంది. మిగిలింది అడవి. అందువల్ల ఒక ఊరికి ఇచ్చిన మాట నెరవేర్చాలంటే ఇంకో ఊరి కొండను గొడ్డలికి అప్పగించవలసిన పరిస్థితి వచ్చింది.

ఇక ఇవాళ్టి పల్లె బతుకు. చిన్న కమతాలే ఎక్కువ. నేల లేనివాళ్లు మావా పద్ధతిలో పాలికి చేస్తారు. పెళ్లయ్యాక కూతురికి ఇల్లు ఇచ్చి, అల్లుడు భార్య ఊరికి వచ్చి కాపురం పెట్టే ఆచారం చాలాచోట్ల నిలిచే ఉంది, అందుకే అక్కాచెల్లెళ్ల ఇళ్లు ఒకే ఆవరణలో కనిపిస్తాయి. దుక్కి మగవాళ్లది, ఇప్పుడు అది చేతి ట్రాక్టరుతో. నాట్లు, కలుపు, కోత పనుల్లో ఆడవాళ్లే ఎక్కువ. ఒకరి మడిలో ఒకరు బదులుకు నాట్లు వేసుకునే అలవాటు డబ్బు కూలి వచ్చాక తగ్గుతూ వచ్చింది. యువకులు వ్యాపారానికో కూలికో మేదాన్‌కు, మలేసియాకు వెళతారు. 2024 మార్చి లెక్కల్లో దేశంలో పేదలు 9 శాతం ఉంటే ఆచేలో 14 శాతానికి పైగా ఉన్నారు. పదిహేనేళ్లకు పైగా ప్రత్యేక నిధి వచ్చిన ప్రావిన్సు పరిస్థితి ఇది.

ఆ డబ్బు పొలానికి చేరలేదనడానికి ఉత్తర ఆచేలోని క్రూంగ్ పాసే ఆనకట్ట చాలు. 2020 వరదల్లో అది తెగిపోయింది. దాని కింద 8 వేల హెక్టార్లకు పైగా ఆయకట్టు ఉంది. మరమ్మతు ఏళ్ల తరబడి సాగింది, రైతులు వానను నమ్ముకుని విత్తడమో మడులను బీడు పెట్టడమో చేయవలసి వచ్చింది. కాలవలో నీళ్లు లేనప్పుడు కెజ్రున్ బ్లాంగ్ ఏ తిథి చెప్పినా ఉపయోగం లేదు. పైన కొండ బోడి అయితే వరదకు ఆనకట్ట తెగుతుంది, ఆనకట్ట తెగితే కింద మడి ఎండుతుంది. ఈ రెండింటినీ ఒకే చూపుతో చూసిన ముకిమ్‌ను తీసేశాక, కొండ ఒక శాఖకు, ఆనకట్ట ఇంకో శాఖకు, మడి మూడో శాఖకు పోయాయి.

మరి తీసేసినదాన్ని తిరిగి ఇవ్వలేదా? కాగితం మీద ఇచ్చారు. 1979 చట్టం 1999లో రద్దయింది. 2001 ప్రత్యేక ప్రతిపత్తి చట్టం, 2003లో ఆచే శాసనసభ చేసిన కానూన్‌లు, 2006 పాలనా చట్టం ముకిమ్‌నూ గాంపోంగ్‌నూ పేరుపెట్టి గుర్తించాయి. కెజ్రున్ బ్లాంగ్, పవాంగ్ గ్లే, పెతువా సెనెబోక్ పేర్లు కూడా 2006 చట్టంలో వరసగా కనిపిస్తాయి. కానీ అప్పటికే ఇచ్చిన లీజుల మీద వారికి ఏ అధికారమూ రాలేదు. 2014 గ్రామ చట్టం వచ్చాక 2015 నుంచి జకార్తా పంపే గ్రామ నిధి నేరుగా గాంపోంగ్ ఖాతాలో పడుతోంది, ముకిమ్‌కు అందులో వాటా లేదు. దాంతో కెచిక్ పదవికి విలువ పెరిగింది, ఇముమ్ ముకిమ్ గౌరవనీయుడైన పెద్దమనిషిగానే మిగిలిపోయాడు. 1979లో చట్టం చేసిన పనిని 2015 తర్వాత డబ్బు చేసింది.

2013 మేలో ఇండోనేసియా రాజ్యాంగ న్యాయస్థానం సంప్రదాయ సముదాయాల అడవులు ప్రభుత్వ అడవులు కావని తీర్పిచ్చింది. ఆచే ముకిమ్‌లు తమ హద్దులు గీసి, పాత పెద్దల సాక్ష్యాలు జతచేసి దరఖాస్తులు పెట్టుకున్నాయి. పదేళ్ల తర్వాత, 2023లో పిదీ, బిరున్, ఆచే జాయా జిల్లాల్లోని ఎనిమిది ముకిమ్‌ల అడవులకు, మొత్తం ఇరవై వేల హెక్టార్లకు పైగా నేలకు, మంత్రిత్వ శాఖ గుర్తింపు ఇచ్చింది. ఆచేలో ముకిమ్‌లు ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి.

2006 పాలనా చట్టానికి సవరణ కోరుతున్న వారిలో ఎక్కువ మంది దృష్టి నిధి పొడిగింపు మీదే ఉంది, అది సహజం. అయితే వరద మిగిల్చిన బురద కింద మడి గట్లు, కాలవ హద్దులు కనిపించని పరిస్థితుల్లో పల్లెలు అడుగుతున్నది ఇంకొకటి. ఎగువన కొత్త లీజు ఇచ్చేముందూ, పాత లీజు పొడిగించేముందూ ఆ ముకిమ్ సమ్మతి తప్పనిసరి అన్న నిబంధన చట్టంలో ఉండాలన్నది వారి వాదన. 2006 పాలనా చట్టం ముకిమ్‌కు పేరు ఇచ్చింది కానీ ఆ అధికారం మాత్రం ఇవ్వలేదు.