యాభై ఏళ్ళ పైపుకు ఏడాది పరీక్ష

ప్రియమైన పిల్లలూ,

"తాతయ్యా, వీధిలో పాతిన నల్లరంగు ప్లాస్టిక్ నీళ్ళ పైపు యాభై ఏళ్ళు ఉంటుందంటున్నారు. అన్నేళ్ళు ఆగి చూశారా ఎవరైనా?" అని ఫోన్‌లో అడిగారు కదా. ఆగి చూడలేదు. అలా చూడాలంటే ఆ పైపు మీ పిల్లల కాలానికి గానీ మార్కెట్లోకి రాదు.

ల్యాబుల్లో యూటీఎం అనే యంత్రం ఉంటుంది. డంబెల్ ఆకారంలో కోసిన ముక్కను దాని దవడల మధ్య బిగించి తెగేదాకా లాగుతారు. ఉక్కుకైతే చాలా సంగతులు దాంతోనే తేలిపోతాయి. ప్లాస్టిక్‌కు అలా కుదరదు. గబగబా లాగితే గట్టిగా కనిపిస్తుంది, నిదానంగా లాగితే సాగుతుంది. వేడి పెరిగితే ఇంకా మెత్తబడుతుంది. ఎంత వేడిలో, ఎంతసేపు అని చెప్పకుండా "దీని బలం ఇంత" అంటే నా దృష్టిలో అది సగం మాటే.

ఇంట్లో చేసి చూడండి. పాలిథిన్ కవరు నుంచి సన్నటి పట్టీ కోసి, తెగనంత బరువు వేలాడదీయండి. నిమిషానికోసారి, గంటకోసారి, మర్నాడు పొద్దున మరోసారి కొలవండి. బరువు అంతే ఉంటుంది, పట్టీ మాత్రం సాగుతూ ఉంటుంది. దీన్నే ఇంజనీర్లు క్రీప్ అంటారు. లోపలి పొడవాటి అణువుల గొలుసులు ఒకదాని మీద ఒకటి మెల్లగా జారుతుంటాయి.

దీన్ని లెక్కలోకి తేవడానికి రెండు వస్తువులు ఊహించుకుంటారు. ఒకటి స్ప్రింగు. రెండోది ఆఫీసు తలుపులకుండే డోర్ క్లోజర్‌లో లాగా, నూనెలో నెమ్మదిగా కదిలే పిస్టన్. రెంటినీ ఒకదాని వెనక ఒకటి కలిపితే మాక్స్‌వెల్ నమూనా, పక్కపక్కన కలిపితే కెల్విన్-వాయిట్ నమూనా. అసలు ప్లాస్టిక్‌కు ఒక జత సరిపోదు, చాలా జతలు కావాలి.

ఇక పైపు సంగతి. వేడి పెరిగితే గొలుసులు త్వరగా జారుతాయి, పగుళ్ళూ త్వరగా పాకుతాయి. అందుకని పైపు ముక్కలను 80 డిగ్రీల వేడినీళ్ళ తొట్టిలో ముంచి, లోపల పీడనం పెట్టి, పగిలేదాకా కాలం లెక్కిస్తారు. 20 డిగ్రీల దగ్గర, మధ్యలో ఇంకో వేడి దగ్గర కూడా అలాగే చేస్తారు. కొన్ని ముక్కలు ఏడాది పైగా తొట్టిలోనే ఉంటాయి. పగిలిన తీరు కూడా చూడాలి. పీడనం ఎక్కువైతే పైపు బుడగలా ఉబ్బి చిట్లుతుంది. తక్కువ పీడనంలో చాలాకాలం ఉన్నది వెంట్రుకవాసి పగులుతో కారుతుంది. నాకు భయం ఈ రెండోదంటేనే, బయటికి ఏమీ కనిపించదు. ఈ ఫలితాలన్నీ గ్రాఫు మీద పెట్టి, గీతను 20 డిగ్రీల దగ్గర 50 ఏళ్ళ దాకా పొడిగిస్తారు. అక్కడ పైపు గోడ కనీసం 10 మెగాపాస్కల్స్ ఒత్తిడికి నిలబడుతుందని తేలిన పాలిథిలిన్ (పీఈ) ప్లాస్టిక్ రకమే పీఈ 100.

అలాగని తొందరపడి 150 డిగ్రీల్లో పరీక్షిస్తామంటే కుదరదు. పాలిథిలిన్ దాదాపు 130 దగ్గరే కరిగిపోతుంది, ఇక పైపే ఉండదు. గీత ఎంత దూరం పొడిగించవచ్చో అంతర్జాతీయ ప్రమాణాల్లో హద్దులున్నాయి. కంప్యూటర్‌లో లెక్కగట్టి గీసిన రంగురంగుల బొమ్మ ఎంత బాగా వచ్చినా, పరీక్షించని వేడిలో దాని మాట నేను నమ్మను.

ఈసారి పైపు కనిపిస్తే దాని మీద అచ్చువేసిన అక్షరాలు చదవండి. 20 డిగ్రీల లెక్కన పీఎన్ 10 అంటే లోపలి నీళ్ళకు 10 బార్‌ల పీడనం దాకా అనుమతి (బార్ అంటే పీడనానికి ఒక కొలత). అదే పైపులో 40 డిగ్రీల నీళ్ళు పారితే, ప్రమాణాల ప్రకారం 7.4 బార్‌లకే అనుమతి. మన మేడ మీద ఎండలో పడి ఉన్న పైపుకు ఎంత ఇవ్వొచ్చో మీరు లెక్కేసి రాయండి. ముందు మిట్టమధ్యాహ్నం లోపలి నీళ్ళ వేడి థర్మామీటరుతో కొలవాలి సుమా.

మీ తాతయ్య